పద్నాలుగో గది

కూపియోలో జనవరి. మైనస్ ఇరవై ఆరు.
బడి తలుపు తీయగానే కళ్ళజోడు మసకేసింది.
తుడుచుకునేలోగా హెడ్మాస్టరు చెప్పేశాడు:
"ఆవిడ మొదట్నుంచీ కొంచెం సున్నితం."

సున్నితం.
ఈ మాట నేనూ ఎన్ని ఫైళ్ళలో రాశానో,
రాసి, కింద గీత గీసి,
సాయంత్రం రైలుకి పక్క ఊరు వెళ్ళిపోయానో.

ఇంకెరి హల్లవారా, మూడో తరగతి టీచరు.
పద్నాలుగో గదిలో పదిన్నరకల్లా గొంతు పోతుంది.
శనివారం తిరిగొస్తుంది,
ఆదివారం చర్చిలో పాడుతుంది కూడానట,
సోమవారం మళ్ళీ మూగనోము.
ఎక్కాలన్నీ బోర్డు మీద రాసి
స్కేలుతో బల్ల మీద కొడుతుంది, ఇక చదవండి అని.

పెట్టె తెరిచాను.
బొగ్గుపులుసు వాయువు ఎనిమిది వందల యాభై, హద్దులోనే.
తేమ పద్దెనిమిది శాతం, చలికాలం అంతే.
బూజు కంటికి ఆనలేదు.
కిటికీ చట్రం దగ్గర పొగ పట్టి చూస్తే
తెల్లటి పోగు ఒకసారి వణికి
నిటారుగా నిలబడింది,
తప్పు చేయలేదని చెప్పే పిల్లాడిలా.

టీచర్ల గదిలో కాఫీ పోసుకుంటూ ఎవరో అన్నారు,
నేను విననట్టు విన్నాను:
"అన్నీ గాలిమాటలు."

గాలిమాటలే మరి.
గాలి సంగతి ఇంకే మాటల్లో చెప్పాలి?

ఇంకెరి ఒక గళ్ళ నోటుబుక్కు నా చేతిలో పెట్టింది.
ఎర్ర పెన్సిలు తలనొప్పి, నీలం కళ్ళమంట.
ఏ గంటకి, ఏ కుర్చీలో,
బయట మంచు కరుగుతోందా లేదా.
పక్కన పిల్లల పేర్లు.
ఓన్నికి ముక్కులోంచి నెత్తురు, రెండుసార్లు.
సాయ్మీకి దగ్గు.
ఎలియెల్‌కి ఏమీ లేదు.
ఎలియెల్‌కి ఏమీ లేదు.
ఎలియెల్‌కి ఏమీ లేదు.
లేనిదాన్ని కూడా లేదని
రోజూ రాసిపెట్టిన చేతిని
ఏమని శంకించను?

పిల్లలు వెళ్ళాక తౌనో వచ్చాడు, బడి కాపలాదారు,
వసంతంలో రిటైరవుతాడు.
తాళాల గుత్తి మోగకుండా పిడికిట్లో బిగించి
నేలకేసి చూస్తూ అన్నాడు:
"పదకొండేళ్ళ కిందట ఈ గచ్చు మళ్ళీ పోశారు.
ఆరలేదు. అరచెయ్యి ఆనిస్తే నాకు తెలిసింది.
ఆగస్టులో బడి తెరవాలి కదా.
పైన చాప పరిస్తే సరి, అన్నాడు మేస్త్రి."

ప్లాస్టిక్ చాప.
దాని కింద నీరు.
సామెతని మోకాళ్ళ మీద కూర్చుని కత్తితో కోయడం
నాకదే మొదలు.

అరచెయ్యంత ముక్క లేచింది.
జిగురు, మగ్గిన తేనె రంగులో, తీగలు సాగింది.
తౌనో రెండడుగులు వెనక్కి వేశాడు.
గుమ్మంలో ఇంకెరి మఫ్లరు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
నాకు మాత్రం ఏ వాసనా రాలేదు.
ఇరవై రెండేళ్ళు పరాయి గోడల్ని వాసన చూసి చూసి
నా ముక్కు ఎప్పుడో మొద్దుబారింది, ఆ పూటే తెలిసింది.
సూది గుచ్చితే తొంభై ఒకటి చూపించింది మీటరు.

ఈ మీటరు కొన్న రోజు గుర్తొచ్చింది.
అమ్మినవాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, మురిపెంగా,
"చాలా సున్నితం మేడమ్, అందుకే ఇంత ధర" అన్నాడు.

ఇదే కారణమని రిపోర్టులో రాయలేదు.
అంత తెలియదు నాకు.
తేమ ఇంత, జిగురు చెడింది, చాప తీసేయాలి.
తర్వాత ఇంకో వాక్యం, ఫారంలో దానికి చోటు లేకపోతే అంచున:
టీచరు ముందే చెప్పింది.

తరగతిని మైదానంలోని డబ్బా గదులకి మార్చారు.
మార్చిలో ఫోను. గొంతు సగమే వస్తోంది:
"ఇక్కడ కూడా... బుధవారం మధ్యాహ్నం... నా భ్రమేనేమో..."

పెన్ను మూత పళ్ళతో తీశాను.

"ఏ కుర్చీలో?"